గుండెపై ఏనుగును నిలిపిన వీరుడు.. కాలి పుండుకు ఓడాడు! కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడు కథ ఇదీ

హైదరాబాద్ పాతబస్తీలో పహిల్వాన్ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి కుస్తీ పట్టేవాడు. రెండోది.. పట్టేసిన మెడను, బెణికిన చేతిని, జారిన భుజాన్ని చేత్తోనే సరిచేసేవాడు. చాలాసార్లు ఆ ఇద్దరూ ఒక్కరే. గోదాలో పదేళ్లు మట్టి కరిచినవాడికి ఏ కీలు ఎటు తిరుగుతుందో, ఎక్కడ నొక్కితే నొప్పి దిగుతుందో తెలుస్తుందని జనం నమ్మకం. ఆ నమ్మకం నిన్న మొన్నటిది కాదు.

చాంద్రాయణగుట్ట దగ్గర ఉండే బార్కాస్‌నే తీసుకోండి. బ్యారక్స్ అనే మాటే వాడుకలో బార్కాస్ అయింది. నిజాం సైన్యంలో చేరేందుకు యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బు సైనికులు బస చేసిన చోటు అది. వాళ్ల వారసుల్లో కుస్తీ మోజు ఇప్పటికీ ఉంది. కుస్తీ ఉన్నచోట బెణుకులుంటాయి. బెణుకులున్నచోట వాటిని సరిచేసే చేతులూ ఉంటాయి.

ఇప్పుడు ఆ గల్లీల్లో కుర్రాళ్ల ఫోన్లలో కొత్త మాట ఒకటి తిరుగుతోంది. కైరోప్రాక్టిక్! మెడ పట్టుకుని ఒక్క తిప్పు తిప్పితే టక్‌మని శబ్దం వచ్చే వీడియోలు లక్షల మంది చూస్తున్నారు. కరాటే, కుంగ్‌ఫూ, కుస్తీ, మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్.. ఏది నేర్చుకునేవాళ్లయినా వెన్ను సర్దిస్తే దెబ్బలో బలం పెరుగుతుందా, కాలు ఇంకాస్త పైకి లేస్తుందా అని అడుగుతున్నారు.

ఆ ప్రశ్న పట్టుకుని వెళ్తే ఓ తెలుగు మల్లుడి జీవితం ఎదురవుతుంది. వెన్ను నేలకు ఆనించి, గుండెల మీదికి ఏనుగును ఎక్కించుకున్న మనిషి ఆయన. అంత దేహం చివరికి దేనికి ఓడిందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆయనే కోడి రామ్మూర్తి నాయుడు. ఈ తరంలో చాలామందికి ఆ పేరు తెలియకపోవచ్చు. కానీ ఒకప్పుడు ఆయన సర్కస్ ఊళ్లోకి వచ్చిందంటే ఊరు ఊరంతా డేరా దగ్గరే ఉండేది.

వీరఘట్టం కుర్రాడు

రామ్మూర్తి 1882లో వీరఘట్టంలో పుట్టారు. నిన్న మొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఈ ఊరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. తండ్రి వెంకన్న నాయుడు. చిన్నతనంలోనే తల్లి పోయింది. తల్లి లేని పిల్లాడు, పైగా అల్లరివాడు. చదువు మీద కంటే ఒళ్లు మీదే ధ్యాస ఎక్కువ.

వేకువనే లేచి ఊరి చెరువు దగ్గరికి వెళ్లేవాడని, అక్కడ ఓ సాధువు కనిపించి ఊపిరి బిగబట్టే విద్య నేర్పాడని ఉత్తరాంధ్రలో ఓ కథ చెబుతారు. సాధువు మాట ఎంతవరకు నిజమో గానీ, ఒకటి మాత్రం రామ్మూర్తి జీవితమంతా కనిపిస్తుంది. ఆయన బలానికి మూలం కండ ఒక్కటే కాదు. ఊపిరి కూడా.

కుర్రాణ్ని దారిలో పెట్టేందుకు విజయనగరంలో ఉంటున్న పినతండ్రి నారాయణస్వామి దగ్గరికి పంపించారు. ఆయన పోలీసు శాఖలో పనిచేసేవారు. ఈ అల్లరివాడిని బలవంతంగా పుస్తకం ముందు కూర్చోబెట్టలేదాయన. వ్యాయామశాలలో చేర్చారు. రామ్మూర్తి తలరాత మారింది అక్కడే.

పూసపాటి రాజుల విజయనగరంలో సంగీతానికి ఎంత గౌరవమో సాముకూ అంతే గౌరవం. తాలింఖానాల్లో పొద్దున్నే దండీలు, బస్కీలు. ఆ తర్వాత గద తిప్పడం, కర్రసాము, కుస్తీ పట్లు. రామ్మూర్తి వాటిలో మునిగిపోయాడు. ఇరవై ఒక్క ఏళ్ల వయసుకే గుండెల మీద ఒకటిన్నర టన్నుల బరువు మోసేవాడని, తర్వాత మూడు టన్నుల దాకా వెళ్లాడని ఆయన జీవిత కథల్లో కనిపిస్తుంది.

డ్రిల్లు మాస్టారి నుంచి సర్కస్ యజమాని దాకా

బలం ఉంటే సరిపోదు, దానికో పద్ధతి ఉండాలని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. మద్రాసులోని సైదాపేటలో వ్యాయామ శిక్షణ కోసం పంపారు. అక్కడ ఏడాది పాటు శిక్షణ పొంది, తిరిగొచ్చి తాను చదివిన విజయనగరం స్కూల్లోనే వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు రామ్మూర్తి. అంటే ఆయన నేర్చింది రెండు విద్యలు. ఇటు తాలింఖానా, అటు ఇంగ్లిష్‌వాళ్ల పద్ధతిలో డ్రిల్లు.

ఉద్యోగం ఉంది. జీతం ఉంది. కానీ ఆ మనిషి అక్కడ ఇమడలేదు. విజయనగరంలో పొట్టి పంతులు అనే ఆయన తోడ్పాటుతో సర్కస్ కంపెనీ పెట్టారు.

ఆ రోజుల్లో బలప్రదర్శన అంటే ప్రపంచమంతా పిచ్చి. జర్మనీలో పుట్టిన యూజీన్ సాండో 1904, 1905 ప్రాంతంలో మన దేశంలోనూ పర్యటించాడు. చేతుల్లేని బనియన్‌ను ఇప్పటికీ శాండో బనియన్ అంటున్నామంటే ఆ పేరే. కండలు చూపించి బతికిన తొలితరం ప్రపంచ ప్రముఖుడు సాండో. మన రామ్మూర్తిని ఇండియన్ సాండో అనడం అలా మొదలైంది. ఉత్తరాదిన మాత్రం ప్రొఫెసర్ రామ్మూర్తి అనేవారు. బలం నేర్పేవాణ్ని ప్రొఫెసర్ అనడం అప్పటి అలవాటు.

సర్కస్‌లో ఆయన చేసే ఫీట్లు ఇప్పుడు విన్నా ఒళ్లు జలదరిస్తుంది. ఒంటికి ఇనుప గొలుసు బిగించి, ఊపిరి పీల్చి ఛాతీ ఉబ్బించి దాన్ని తెంచేసేవారు. రెండు చేతులకు రెండు కార్లను కట్టించుకుని, అవి చెరో వైపు లాగుతుంటే కదలకుండా నిలబడేవారు. అన్నింటికంటే పెద్దది ఏనుగు ఫీటు. వెల్లకిలా పడుకుని ఛాతీపై పలక వేయించుకుని, దాని మీదికి ఏనుగును ఎక్కించుకునేవారు.

ఏనుగు బరువు ఎక్కడికి పోతుంది?

ఇందులో మాయ లేదు. మంత్రమూ లేదు. అలాగని ఎవరైనా చేసేయొచ్చు అనుకుంటే ప్రాణం పోతుంది.

పలక చేసే పని బరువును పంచడం. ఏనుగు పాదం నేరుగా ఛాతీ మీద పడితే పక్కటెముకలు పుల్లల్లా విరిగిపోతాయి. అదే బరువు వెడల్పాటి పలక మీదుగా వస్తే భుజాలు, ఛాతీ, నడుము.. ఇలా చాలా చోట్లకు చీలిపోతుంది. వెల్లకిలా పడుకోవడం వల్ల వెన్నుకు నేలే ఆసరా. నిలబడి మోసే బరువు వెన్నుపూసలను ఒకదాని మీద ఒకటి నలిపేస్తుంది. పడుకున్నప్పుడు ఆ బాధ తక్కువ. అయినా నడుము వంపు నేలకు సరిగ్గా ఆనకపోతే ముప్పే.

ఇక రెండోది ఊపిరి. గుండెల నిండా గాలి పీల్చి, గొంతు బిగించి, పొట్ట కండరాలను గట్టిపరిస్తే లోపలి ఒత్తిడి పెరుగుతుంది. మొండెం మొత్తం గాలి నింపిన బంతిలా గట్టిపడుతుంది. వెయిట్‌లిఫ్టర్లు బార్ ఎత్తేముందు ఒక్క క్షణం ఊపిరి బిగించేది ఇందుకే. ఆ ఒత్తిడి ముందు నుంచి వెన్నుకు దన్నుగా నిలుస్తుంది. అయితే బీపీ ఒక్కసారిగా పైకి ఎగబాకుతుంది. అలవాటు లేనివాడు కళ్లు తిరిగి పడిపోతాడు. రామ్మూర్తికి ప్రాణాయామం, జలస్తంభన, వాయుస్తంభన వచ్చని జనం చెప్పుకునేదాని వెనక ఉన్న అసలు సంగతి ఇదే. ఊపిరిని ఏళ్ల తరబడి సాధన చేసిన మనిషి ఆయన.

మూడోది అన్నింటికంటే ముఖ్యం. బరువు ఒక్క రోజులో పెరగలేదు. ఎముక, కండర, నరం.. మూడూ బరువుకు అలవాటు పడాలంటే ఏళ్లు పడుతుంది. ఒకటిన్నర టన్నుల నుంచి మూడు టన్నులకు వెళ్లడమంటే మధ్యలో ఎన్ని తెల్లవారుజాములు ఉంటాయో ఊహించుకోవచ్చు.

తాలింఖానాలో ఒంటికి రిపేరు

మరి అంత ఒత్తిడి పడే ఒంటిని చూసుకునేదెవరు? ఇప్పుడైతే ఫిజియో, ట్రైనర్, డైటీషియన్. అప్పుడు తాలింఖానాలో ఇవన్నీ ఒకే చోట ఉండేవి.

గోదా మట్టిని తవ్వి, నూనె, పసుపు, మజ్జిగ లాంటివి కలిపి మెత్తగా చేసేవాళ్లు. పడితే దెబ్బ తగలకూడదు, చర్మం చెడకూడదు. కుస్తీ అయ్యాక ఒకరికొకరు మాలిష్ చేసుకునేవాళ్లు. కొత్తవాడు ఉస్తాద్ ఒళ్లు పడతాడు, ఉస్తాద్ కొత్తవాడి పట్టేసిన కండరాన్ని వదులు చేస్తాడు. తిండి, నిద్ర, బ్రహ్మచర్యం మీద గట్టి నియమాలు. రామ్మూర్తి శాకాహారి, ఆంజనేయ భక్తుడు. మాంసం తినకుండానే అంత బలం వచ్చిందని ఆ రోజుల్లో జనం విశేషంగా చెప్పుకునేవారు.

ఈ సంరక్షణ తెలుగు నేలంతా ఏదో ఓ రూపంలో ఉంది. రాయలసీమలో పుత్తూరు కట్టు అంటే తెలియనివారు లేరు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో విరిగిన చేతికి కట్టు కడతారు. హైదరాబాద్‌లో చార్మినార్ పక్కనే నిజామియా యునానీ ఆస్పత్రి ఉంది. యునానీలో మర్దనాను దల్క్ అంటారు. అది ఆ వైద్యంలో ఓ అధికారిక చికిత్స. వీటన్నిటికీ దిగువన, ఏ బోర్డూ లేని గల్లీ అరుగు మీద, తువ్వాలు నడుముకు చుట్టుకుని కూర్చున్న పహిల్వాన్ ఉంటాడు.

అవే రోజుల్లో అమెరికాలో..

విచిత్రం ఏంటంటే, రామ్మూర్తికి పదమూడేళ్లు వచ్చేసరికి, అంటే 1895లో, అమెరికాలోని అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్ పట్టణంలో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన కైరోప్రాక్టిక్‌కు శ్రీకారం చుట్టాడు. హార్వే లిల్లార్డ్ అనే వ్యక్తికి చెవుడు ఉంటే, వెన్నుపూసను చేత్తో నొక్కి సరిచేశానని, ఆయనకు వినికిడి తిరిగి వచ్చిందని ప్రకటించుకున్నాడు. గ్రీకు మాటల నుంచి వచ్చిన కైరోప్రాక్టిక్‌కు అర్థం చేతితో చేసే పని అని. పామర్‌కు ముందు కూడా అమెరికాలో, ఐరోపాలో ఎముకలు సర్దేవాళ్లు ఊరికొకరు ఉండేవారు. మన పహిల్వాన్లలాగే అన్నమాట.

తేడా ఏంటంటే పామర్ దానికో సిద్ధాంతం కట్టాడు. రోగాలకు మూలం వెన్నుపూస పక్కకు జరగడమేనన్నాడు. ఆ సిద్ధాంతాన్ని ఆధునిక వైద్యం ఒప్పుకోలేదు. వెన్ను సర్దితే చెవుడు పోతుందని ఇప్పుడు డాక్టర్లెవరూ చెప్పరు. అయితే చేత్తో చేసే చికిత్స మాత్రం నిలబడింది. దీర్ఘకాలం వేధించే నడుం నొప్పికి వాడదగ్గ మందులేని చికిత్సల్లో వెన్నును చేత్తో సర్దడాన్ని, వ్యాయామాన్ని, మర్దనాను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చేర్చింది. వాటి వల్ల కొంత ఉపశమనం ఉంటుందనేది లెక్క. అంతకుమించి కాదు.

వీడియోల్లో వినిపించే ఆ టక్ శబ్దం ఎముక తన చోటికి వెళ్లిన శబ్దం కాదు. కీలు మధ్య ఉండే ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా తగ్గినప్పుడు గ్యాస్ చేసే చప్పుడు. మన వేళ్లు విరుచుకుంటే వచ్చేదీ అదే. కాసేపు హాయిగా ఉంటుంది. మెడ తేలిగ్గా తిరుగుతుంది. అంతేగానీ ఆ శబ్దంతో పంచ్‌లో బలం పెరుగుతుందని, కిక్ వేగం పెరుగుతుందని గట్టిగా చెప్పే ఆధారాలు లేవు.

రామ్మూర్తి కథలో ఆ బలం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికే చూశాం. రోజువారీ సాధన, ఊపిరి, తిండి, నిద్ర. మాలిష్ వాటికి తోడు. అది ముందు నడిచేది కాదు, వెనక నడిచేది.

తిలక్ నుంచి లండన్ దాకా

ఇక మళ్లీ ఆయన ప్రయాణంలోకి వద్దాం. సర్కస్ తెలుగు జిల్లాలు దాటింది. మద్రాసు, పుణె, కలకత్తా, అలహాబాద్.. ఎక్కడికెళ్తే అక్కడ జనం. అది స్వాతంత్ర్యోద్యమం వేడెక్కుతున్న కాలం. భారతీయులు బలహీనులు, పాలించడానికి పనికిరారు అని తెల్లవాళ్లు అనుకుంటున్న రోజులు. అలాంటప్పుడు గొలుసులు తెంచే ఓ నల్లటి మనిషిని చూస్తే జనానికి ఎలా అనిపించి ఉంటుంది? అది ఫీటు మాత్రమే కాదు. అందుకే బాలగంగాధర తిలక్ ఆయన్ని మెచ్చుకుని మల్లమార్తాండ అన్నారని, విదేశాలకు వెళ్లి మన సత్తా చూపించమని ప్రోత్సహించారని చెబుతారు. మదన్ మోహన్ మాలవీయ కూడా ఆయనకు అండగా నిలిచారంటారు.

వైస్రాయి లార్డ్ మింటో ఎక్కిన కారును రామ్మూర్తి ఆపేశారన్న కథ తెలుగునాట ఇంటింటా వినిపించేది. ఆ తర్వాత ఆయన బృందంతో ఓడెక్కారు. లండన్‌లో ఐదో జార్జి చక్రవర్తి, మేరీ రాణి ఎదుట ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులస్ అనిపించుకున్నారని ఆయన జీవిత కథలన్నీ చెబుతాయి. స్పెయిన్‌లో ఎద్దుల పోరు చూడ్డానికి వెళ్లి, బరిలోకి దిగి ఎద్దు కొమ్ములు పట్టుకుని పడేశారన్నది మరో కథ. రంగూన్‌లో గిట్టనివాళ్లు ఆయన ప్రాణం తీయబోయారని, తప్పించుకుని స్వదేశం చేరారని కూడా అంటారు.

ఇవన్నీ ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి పెరుగుతూ వచ్చిన కథలు. కొంత ఎక్కువ తక్కువలు ఉండొచ్చు. కానీ ఆ కాలమే అలాంటిది. 1910లో లండన్‌లో గామా పహిల్వాన్ అమెరికా మల్లుడు బెంజమిన్ రోలర్‌ను చిత్తు చేశాడు. పోలండ్ మల్లుడు జిబిస్కోను నేలకు అదిమిపెట్టాడు. గామా పంజాబ్ గోదాల నుంచి, రామ్మూర్తి విజయనగరం తాలింఖానా నుంచి బయల్దేరారు. దేశం ఇద్దరినీ చూసి ఛాతీ విరుచుకుంది.

డబ్బు బాగానే వచ్చింది. వచ్చినది వచ్చినట్టే ఖర్చయింది. వ్యాయామశాలలకు, జాతీయోద్యమానికి, అడిగినవాళ్లకు లేదనకుండా ఇచ్చారు. రేపటి కోసం దాచుకోవడం మాత్రం ఆయనకు తెలియదు.

కాలి మీద పుండు

అప్పటిదాకా ఓటమి ఎరగని దేహం అది. గొలుసులు, కార్లు, ఏనుగు.. అన్నీ గెలిచింది. ఆ దేహాన్ని పడగొట్టింది కాలి మీద లేచిన ఓ రాచపుండు.

రాచపుండు అంటే మామూలు సెగ్గడ్డ కాదు. చర్మం కింద లోతుగా పాకి, పక్కపక్కనే అనేక నోళ్లతో చీము పట్టే పుండు. ఇప్పుడైతే షుగర్ పరీక్ష చేస్తారు, చీము తీస్తారు, యాంటీబయాటిక్ ఇస్తారు. చాలామందికి నయమైపోతుంది. రామ్మూర్తి బతికిన కాలంలో ఆ వీలు లేదు. పెన్సిలిన్‌ను 1928లో కనుక్కున్నా, మనుషులకు మందుగా వాడటం మొదలైంది 1940ల్లోనే. అంతకుముందు పుండు ముదిరి కుళ్లు పైకి పాకితే ప్రాణం దక్కించుకోవడానికి డాక్టర్ల దగ్గర మిగిలేది ఒకే ఒక్క దారి. కాలు తీసేయడం.

ఆయన విషయంలోనూ అదే జరిగింది. ఆపరేషన్ సమయంలో క్లోరోఫాం వద్దన్నారని, ప్రాణాయామంతో ఊపిరి నిలిపి కదలకుండా పడుకున్నారని చెబుతారు. ఏనుగు ఎక్కినప్పుడు తోడున్న ఊపిరే కత్తి దిగినప్పుడూ తోడుందన్నమాట. వినడానికి ఇది గొప్పగానే ఉంటుంది. కానీ ఆ తర్వాత సంగతి ఆలోచించండి. రెండు కాళ్లూ నేలకు తన్ని కార్లను నిలిపిన మనిషి. ఇప్పుడు లేచి నిలబడాలంటే ఒకరి భుజం కావాలి.

ఇక్కడే పాతబస్తీ ప్రశ్నకు జవాబు మొదలవుతుంది. చేయి చేసే మేలు ఒకటి, చేయి చేయలేనిది మరొకటి. పట్టేసిన కండరాన్ని మాలిష్ వదులు చేస్తుంది. బిగుసుకున్న కీలు చేత్తో కదిపితే కదులుతుంది. కానీ చీము పట్టిన పుండును, నలిగిన నరాన్ని, చిరిగిన రక్తనాళాన్ని ఏ పహిల్వాన్ చేయీ సరిచేయలేదు. ఏ కైరోప్రాక్టర్ చేయీ సరిచేయలేదు. ఎంత బలమైన దేహమైనా ఆ తేడా తెలియకపోతే ఓడిపోతుంది. రామ్మూర్తి కాలంలో మందు లేక ఓడింది. ఇప్పుడు మందు ఉండి కూడా ఓడితే అది మన తప్పే.

బలంగీర్‌లో చివరి రోజులు

కాలు పోయాక సర్కస్ లేదు. సర్కస్ లేక సంపాదన లేదు. సంపాదన లేనప్పుడు చుట్టూ ఉన్న జనం ఎలా పలచబడతారో అందరికీ తెలిసిందే. ఒకప్పుడు డేరా నిండా జనం ఉన్న మనిషికి చివర్లో పలకరించేవారు కరువయ్యారు.

ఇప్పటి ఒడిశాలో ఉన్న బలంగీర్ అప్పట్లో పట్నా సంస్థానానికి రాజధాని. రామ్మూర్తి చివరి రోజులు అక్కడే గడిపారు. 1942లో అక్కడే కన్నుమూశారు. అరవై ఏళ్లయినా నిండలేదు. సొంతూరు వీరఘట్టానికి, ఆయన్ని తయారుచేసిన విజయనగరానికి దూరంగా, ఎక్కడో సంస్థానంలో ఆ ఊపిరి ఆగిపోయింది.

ఆ పేరు పూర్తిగా చెరిగిపోలేదు. విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. శ్రీకాకుళంలో స్టేడియానికి కోడి రామ్మూర్తి పేరే పెట్టారు. అదే శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆమె. ఉత్తరాంధ్ర మట్టిలో బరువులెత్తే అలవాటు రామ్మూర్తితో మొదలవ్వలేదు, ఆయనతో ఆగిపోలేదు కూడా.

గోదాలో దిగేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది

ఈ కథ నుంచి పాతబస్తీ కుర్రాడు తీసుకెళ్లాల్సింది ఏంటి?

మొదటిది, బలానికి దొడ్డిదారి లేదు. ఒక్క తిప్పుతో ఒళ్లు మారిపోదు. మెడ, నడుము గట్టిపడాలంటే వాటికి తగ్గ కసరత్తు మెల్లమెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఊపిరి ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు వదలాలో తెలుసుకోవాలి. దెబ్బ తగిలిన రోజు విశ్రాంతి తీసుకోవాలి. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగించి బరువులు ఎత్తే ముందు డాక్టర్‌ను అడగాలి.

రెండోది, మెడ విషయంలో ఆటలాడొద్దు. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు మెడ ఎముకల పక్కనుంచే వెళ్తాయి. మెడను విసురుగా తిప్పినప్పుడు అరుదుగానైనా ఆ నాళం లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అరుదే కావొచ్చు. కానీ వచ్చినవాడికి అది అరుదు కాదు. కుస్తీలో మెడ మీద పడ్డాక, వెంటనే వెళ్లి మెడ తిప్పించుకోవడం అస్సలు వద్దు. ముందు ఎముక విరగలేదని తేలాలి.

మూడోది, కొన్ని లక్షణాలు కనిపిస్తే పహిల్వాన్ దగ్గరికో, క్లినిక్ దగ్గరికో కాదు, నేరుగా ఆస్పత్రికే వెళ్లాలి. కాలు, చేయి మొద్దుబారినా.. పట్టు తగ్గినా.. నడుం నొప్పితో పాటు మూత్రం మీద అదుపు పోయినా.. జ్వరంతో వెన్ను నొప్పి వచ్చినా.. రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉన్నా.. మెడ తిప్పాక మాట తడబడినా, కళ్లు మసకబారినా ఒక్క గంట కూడా ఆగొద్దు. మూసీ అవతల అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి ఉంది. పాతబస్తీ నుంచి అదేమంత దూరం కాదు.

నాలుగోది, మానని పుండు. గోదా మట్టిలో గీరుకున్న గాయమైనా, జిమ్‌లో చాప మీద రాసుకున్న మోకాలైనా పది రోజులకూ మానకపోతే, ఎర్రగా వాచి చీము పడితే చూపించుకోవాలి. షుగర్ పరీక్ష చేయించుకోవాలి. పసుపు అద్ది, కట్టు కట్టి మళ్లీ గోదాలోకి దిగడం మగతనం కాదు.

మంచి పహిల్వాన్‌కు ఈ తేడా తెలుసు. తన చేతికి లొంగని నొప్పిని చూడగానే తాకకుండా, ఆస్పత్రికి వెళ్లమని పంపేస్తాడు. అలా పంపేవాడే అసలైన ఉస్తాద్. గుండె మీద ఏనుగును నిలిపిన మనిషికి ఆ రోజుల్లో అందని మందు ఇప్పుడు గల్లీ చివరి మెడికల్ షాపులో, డాక్టర్ రాసిన చీటీకి దొరుకుతోంది. కాలికి పుండు లేచిన రోజున అది గుర్తుంటే చాలు.